గుల్ల అక్షరాలకి పేరు

“మళ్ళీ తీసేశావా?” అన్నాడు యోరిస్ మెట్ల మీద నుంచి.

“తీశాను. చింపలేదు. ఇస్త్రీ బల్ల వెనకాల పెట్టాను.”

“అది అక్కడే ఉండాలి, ఈనెకె. అక్కడైతేనే తీరిగ్గా చూస్తాం.”

“నువ్వు తీరిగ్గా చూస్తావు. నేను పని చూసుకుని బయటపడాలనుకుంటాను.”

“కాస్త ఓపిక పట్టు. ఇంకో వారం.”

“పోయిన వారం కూడా ఇదే మాటన్నావు.”

అతను మెట్లు దిగి వచ్చి, ఇస్త్రీ బల్ల జరిపి, కాగితం తీసుకుని, మూలలు వేలితో సాపు చేసి మళ్ళీ టాయిలెట్‌లోకి వెళ్ళాడు. టేపు చింపిన చప్పుడు వినబడింది. నేను గిన్నెలు తుడుస్తూ ఉండిపోయాను. అతను పైకి వెళ్ళగానే మళ్ళీ తీస్తానని అతనికీ తెలుసు.

మా ఇంట్లో టాయిలెట్ మెట్ల కింద ఉంటుంది. కూర్చుంటే తలుపు మోకాళ్ళకి తగులుతుంది. ఆ తలుపు లోపలి వైపు, సరిగ్గా కళ్ళకి ఎదురుగా, యోరిస్ తను గీస్తున్న అక్షరాల కాగితం అంటిస్తాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే అలవాటు. అక్కడ కూర్చున్న మనిషికి మొహమాటం ఉండదనీ, అక్షరం నిలబడిందో లేదో అక్కడే తేలిపోతుందనీ అతని నమ్మకం. ఇంటికి వచ్చిన చుట్టాలు చేతులు కడుక్కుని వస్తూ, “నీ ఆర్ అక్షరం కుంటుతోంది యోరిస్,” అని చెప్పిన సందర్భాలున్నాయి. వాళ్ళన్నది నిజమనిపిస్తే అప్పటికప్పుడు పైకి వెళ్ళి దాని కాలు సరిచేసి వచ్చేవాడు. కాఫీ చల్లారిపోయేది.

ఈసారి కాగితం మీద ఒకటే మాట. జానెడు ఎత్తు అక్షరాలు. వాటిలో నలుపు నింపలేదు. అంచు చుట్టూ ఒక గీత, దాని లోపల సన్నగా ఇంకో గీత, మధ్యంతా ఉత్త కాగితం. ఆ మాట మా అమ్మాయి పేరు. ఫెన్నా.

ఇంకేదైనా మాట పెట్టమని మొదటి రోజే అడిగాను. సబ్బు అని రాసుకో, చెప్పులు అని రాసుకో అన్నాను. “నేను మొదట రాసి చూసుకునేది ఆ మాటేనని నీకు తెలుసుగా,” అన్నాడు. తెలుసు. ఫాంట్లు గీసేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక మాట పెట్టుకుంటారు. కొత్త అక్షరాలు గీసినప్పుడల్లా ఆ మాటే రాసి, ఎక్కడ ఇరుకుగా ఉందో ఎక్కడ వదులుగా ఉందో చూసుకుంటారు. ఫెన్నా పుట్టిన రోజు ఆసుపత్రిలో యోరిస్ ఆ పేరు చీటీ మీద రాసుకుని చాలాసేపు చూశాడు. మొదటి అక్షరం ఎఫ్ పక్కన కింద గొయ్యిలాంటి ఖాళీ, మధ్యలో రెండు ఎన్‌లు పక్కపక్కనే. ఆ రెంటి నడుమ ఎడం కుదిరిందంటే మిగతా అక్షరాలన్నిటికీ కొలత దొరికినట్టేనట. “మాలాంటివాళ్ళ కోసమే చేసిపెట్టిన పేరిది,” అన్నాడు. నేను తడి తువ్వాలు తీసి అతని మీదికి విసిరాను. అప్పటినుంచీ అతను గీసిన ప్రతి ఫాంటూ మొదట పలికింది మా అమ్మాయి పేరే.

మూడేళ్ళ కింద నవంబరులో ఫెన్నా పోయింది. పొద్దున్నే పనికి వెళ్తోంది. వాన పడుతోంది. కూడలి దగ్గర లారీ కుడికి తిరిగింది. ఇది సైకిల్ మీద తిన్నగా వెళ్ళబోయింది. డ్రైవరుకి అద్దంలో కనబడలేదు. అతని తప్పు కూడా పెద్దగా లేదని తేల్చారు. దానికి ఇరవై నాలుగేళ్ళు.

ఆ తర్వాత యోరిస్ అక్షరాలు గీయడం మానేశాడు. ఇంకొకరు గీసినవి సరిచేసి పెట్టేవాడు. ఇళ్ళ నంబర్లు, ఆసుపత్రి దారి బాణాలు, అలాంటివేవో ఒప్పుకునేవాడు. పోయిన వసంతంలో ఒకరోజు అతను పనిచేసుకునే అటక గదిలో దీపం పొద్దుపోయేదాకా వెలిగే ఉంది. భోజనానికి పిలిచినా రాలేదు. నేను కింద నిలబడి, కుర్చీ చప్పుడు వింటూ సంతోషించాను. ఈ అక్షరాలంటే నాకు కోపమని ఎవరైనా అనుకుంటారేమో. కోపం లేదు. వాటిని గీయడం మొదలుపెట్టిన రోజున మా ఇంట్లో మళ్ళీ ఒక మనిషి ఉన్నట్టయింది.

ఆ అక్షరాలు అతను కొత్తగా కనిపెట్టినవి కావు. మా మామగారు హెస్సెల్ జీవితమంతా సరుకు పడవ నడిపారు. ఆ పడవ ముక్కుకి రెండు వైపులా మా అత్తగారి పేరుండేది, ఆంట్యె అని. రేవులో రంగులు వేసే ఒక ముసలాయన రాసిన పేరు. తెల్ల అంచు మాత్రం గీసి, లోపల పడవ ఆకుపచ్చనే వదిలేశాడట. రంగు ఆదా అవుతుందని నాన్నే అలా వేయించాడని మా ఆడపడుచు వీట్స్కె అంటుంది. పొగమంచులో దూరం నుంచి అవే బాగా కనబడతాయని మామగారంటారు. యోరిస్ ఆ పడవలోనే పెరిగాడు. చదవడం రాకముందే తాడు పట్టుకుని వంగి ఆ గీతల మీద వేలు పెట్టి చుట్టూ తిప్పేవాడు. ఇప్పుడు తల నెరిశాక ఆ నాలుగైదు అక్షరాల్లోంచి మొత్తం వర్ణమాల లాగాడు. లోపలి గీత గీయడమే కష్టమంటాడు. బయటి గీతనే చిన్నది చేసి లోపల కూర్చోబెడితే మూలల్లో ఇరుక్కుంటుందట, వంపుల్లో తేలిపోతుందట. ఒక్కో అక్షరానికి దాన్ని విడిగా, చేత్తో గీయాలి. పాతకాలపు వాసన ఉన్న అక్షరాలకి ఇప్పుడు మంచి గిరాకీ. కాఫీ దుకాణాలవాళ్ళకి, బీరు సీసాలవాళ్ళకి అలాంటివే కావాలి. ఫాంట్లు అమ్మే ఆమ్‌స్టర్‌డామ్ కంపెనీ నాలుగు అక్షరాలు చూసి, మొత్తం మాకే ఇవ్వమంది.

అంతవరకూ ఏ గొడవా లేదు. పేరు దగ్గర వచ్చింది.

గీసినవాళ్ళే ఫాంటుకి పేరు పెడతారు. భార్య పేరు, కూతురి పేరు, పుట్టిన ఊరి పేరు, ఒకాయనైతే పెంపుడు కుక్క పేరు. నా పేరు మీద కూడా ఒకటుంది. మా పెళ్ళయిన కొత్తలో గీశాడు. తర్వాత ఒక మందుల కంపెనీ దాన్ని తీసుకుని మొలల మందు డబ్బా మీద వాడింది. వీట్స్కె ఆ డబ్బా కొని, రిబ్బను కట్టి, నా పుట్టినరోజుకి ఇచ్చింది. అందరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాం. ఫెన్నా అయితే కుర్చీలోంచి జారిపోయింది.

నన్ను ఏ డబ్బా మీద రాసుకున్నా నాకు ఫర్వాలేదు. నేను ఇక్కడే ఉన్నాను, నవ్వగలను. ఈ ఫాంటుకి ఫెన్నా అని పెడతానని యోరిస్ అన్నప్పుడు మాత్రం, వద్దన్నాను.

శనివారం మా అబ్బాయి తైమెన్ డెల్ఫ్ట్ నుంచి వచ్చాడు. అక్కడ చదువుకుంటున్నాడు. వాడు వస్తే బఠానీ సూపు చేస్తాను. చెంచా నిలబడేంత చిక్కగా ఉండాలి వాడికి. సైకిల్ గోడకి ఆనించి, తడి కోటు విప్పకుండానే టాయిలెట్‌లోకి దూరి బయటికొచ్చాడు.

“తలుపు మీద టేపు మరకలు తప్ప ఏమీ లేవు. ఇంకా ఆ కాగితం గొడవ తెగలేదా?”

“గొడవేం లేదురా,” అన్నాడు యోరిస్. “మీ అమ్మ దాస్తుంది, నేను వెతికి అంటిస్తాను. ఈ వయసులో మాకూ కాస్త వ్యాయామం కావాలిగా.”

“నా పేరు పెట్టెయ్యండి. తైమెన్ బోల్డ్. తైమెన్ షాడో. కుస్తీలు పట్టేవాడి పేరులా అదిరిపోతుంది.”

“నీ పేరులో ఎక్కడా ఎడం కుదరదు. ఎవడూ కొనడు.”

“చూశావా అమ్మా. ఈ ఇంట్లో బతికున్నా లాభం లేదు.”

ఆ మాట వాడి నోట్లోంచి వచ్చేసింది. వాడు రొట్టె ముక్క తీసుకుని దానికి వెన్న రాస్తూ కూర్చున్నాడు. రొట్టె అవతలి వైపు కూడా రాశాడు.

“నేను చెప్పేది ఇదీ,” అన్నాను చివరికి, వాడికి చెబుతున్నట్టుగా. “ఆ పేరు పక్కన ధర వేస్తారు. ఎవడో చేపల కొట్టువాడు చూసి, ఇది మరీ బక్కగా ఉంది, ఇంకోటి చూపించు అంటాడు. ఇంకొకడు, మొన్నటిదాకా దీన్నే వాడాం, విసుగొచ్చింది, తీసేద్దాం అంటాడు. ఆ పేరు పెట్టి మరీ అంటాడు.”

“అక్షరాల గురించి అంటాడు,” అన్నాడు యోరిస్.

“నాకు అలా వినబడదు.”

“మా అమ్మ పేరు మీద బంగాళాదుంపలు మోశాం. బొగ్గు మోశాం. ఓ ఏడాది పేడ కూడా మోశాం. అమ్మ ఏమీ అనుకోలేదు.”

“అప్పటికి అత్తయ్య బతికే ఉన్నారు యోరిస్. శనివారం శనివారం బ్రష్షు తీసుకుని పడవ అంచు మీదికి వంగి తన పేరు తనే కడుక్కునేవారు.”

యోరిస్ సూపు గిన్నె ముందుకి జరుపుకున్నాడు.

“కంపెనీవాళ్ళకి పేరు ఎప్పుడు చెప్పాలి?” అని అడిగాడు తైమెన్.

“తాతయ్య పుట్టినరోజు అయిన మర్నాడు. పుట్టినరోజు నాడు మనవాళ్ళందరికీ చెప్పి, మర్నాడు వాళ్ళకి చెబుదామనుకున్నాను.”

“అమ్మ ఒప్పుకోకపోతే?”

“ఒప్పుకోకపోతే పెట్టను,” అన్నాడు.

అదే నాకు కష్టంగా ఉంది. మొండికేసి ఉంటే ఎంతైనా పోట్లాడేదాన్ని. మొత్తం తెచ్చి నా ఒళ్ళో పెట్టేశాడు. కాదన్నానంటే ఆ కాదనడం ఇక నాతోనే ఉంటుంది.

తర్వాతి బుధవారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కంప్యూటర్ తెరిచాను. యోరిస్‌కి వచ్చే ఉత్తరాలకి చాలావరకు నేనే జవాబు రాస్తాను. అతను రాస్తే రెండు మాటలకి మించవు, అవతలివాళ్ళు కోపం వచ్చిందనుకుంటారు. ఆమ్‌స్టర్‌డామ్ కంపెనీ నుంచి అన్నెలోట్ అనే అమ్మాయి బొమ్మలు పంపింది. ఫాంటు అమ్మకానికి పెట్టేముందు అది నిజంగా వాడితే ఎలా ఉంటుందో చూపించడానికి ఉత్తుత్తి బొమ్మలు చేస్తారు. ఆ బొమ్మలన్నిటి మీదా ఫాంటు పేరే రాస్తారు. ఇది అందరూ చేసేదే. నా పేరు కూడా ఒకప్పుడు ఇలాగే రొట్టెల సంచి మీదా, ట్రాము పక్కనా కనబడింది.

పేరు ఇంకా ఖాయం కాలేదని యోరిస్ వాళ్ళకి చెప్పాడట. ప్రస్తుతానికి ఇదే పెట్టి చేశామని ఆ అమ్మాయి రాసింది. ఒక్కొక్కటే చూశాను. ఐస్‌క్రీమ్ బండి మీద ఫెన్నా. బీరు గ్లాసు మీద ఫెన్నా. పూల దుకాణం అద్దం మీద ఫెన్నా. ఆ గుల్ల అక్షరాల్లోంచి లోపలి పూలు కనబడుతున్నాయి. అది బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ బొమ్మ దగ్గర కాసేపు ఆగాను.

దాని తర్వాతిది లారీ. పొడుగాటి తెల్ల లారీ, పక్కంతా పరుచుకుని మా అమ్మాయి పేరు, మనిషెత్తు అక్షరాలు. లారీ కూడలి దగ్గర మలుపు తిరుగుతోంది. రోడ్డు తడిగా ఉంది. రోడ్డు తడిగా ఉంటే బొమ్మ బాగా వస్తుందేమో.

ఆ లారీ ఎక్కడా లేదు. ఎవరో కంప్యూటర్‌లో చేసింది. అది నాకు తెలుసు. తెలిసి కూడా మూత మూసేసి, సంచిలోంచి నిమ్మకాయంతేసి చిన్న క్యాబేజీలు తీసి కాడలు కోయడం మొదలుపెట్టాను. మొత్తం సంచీడూ కోశాను. ఇద్దరికీ అన్ని అక్కర్లేదు.

క్యాబేజీలు అయ్యేసరికి ఒక సంగతి అర్థమైంది. ఇక నేను వాదించక్కర్లేదు. ఈ బొమ్మ ఒక్కటి యోరిస్‌కి చూపిస్తే చాలు, ఆ పేరు మాట మళ్ళీ ఎత్తడు. బహుశా గీయడం మాట కూడా ఎత్తడు. అటక గదిలో మళ్ళీ దీపం వెలగదు. గెలవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు, ఆ దారిన నేను పోలేను. నేను చూశానన్నది అతనికి తెలియకుండా ఈ బొమ్మని లేకుండా చెయ్యాలి.

చేతులు తుడుచుకుని తోటలోకి వెళ్ళి ఫోన్ చేశాను. వంటింట్లో మాట్లాడితే పైకి వినబడుతుంది.

“అన్నెలోట్ గారా? నేను యోరిస్ భార్యని. మీరు పంపిన బొమ్మల్లో ఒకటి తీసెయ్యాలి.”

“లారీ బొమ్మేనాండీ?” అంది. గొంతు ఒక్కసారిగా పడిపోయింది. “అయ్యో, అది మీకు వచ్చిందా? నేను తీసేసినవే పంపాననుకున్నాను. పాతవి వచ్చేశాయా?”

“తీసేశారా? ఎందుకు తీసేశారు?”

 “మొన్న యోరిస్ గారు ఫోన్ చేశారండీ. మొదట ఆయనకే పంపాను. నాకు తెలియదండీ, నిజంగా తెలియదు. లారీ బొమ్మ ప్రతి ఫాంటుకీ చేస్తాం, చేతికి వచ్చింది పెట్టేశాను. ఆయన కోప్పడలేదు కూడా. మా అమ్మాయి పోయింది ఇలాగే అని మాత్రం చెప్పారు. మా ఆవిడకి ఇది కనబడకూడదు, అదొక్కటి చూడమన్నారు. నేను అదే చెయ్యలేకపోయాను.”

ఫోన్‌లో ఏడుస్తోంది. చిన్న పిల్లే అయి ఉంటుంది.

“ఏడవకమ్మా. నీకెలా తెలుస్తుంది?” అన్నాను. “ఒక మాట చెప్పు. పేరు మార్చమన్నారా ఆయన?”

“లేదండీ. పేరు సంగతి ఇంట్లో మాట్లాడుకుంటున్నామన్నారు. మీరు సరేనంటే అదే ఉంచుతామన్నారు. లారీ ఒక్కటే తీసెయ్యమన్నారు.”

తోటలో మంచు కరిగి బురదగా ఉంది. నేను ఇంటి చెప్పులతోనే వచ్చేశాను.

మొన్న అంటే సోమవారం. సోమవారం యోరిస్ ఉదయమే కిందికొచ్చి, ఎన్నాళ్ళుగానో ఊగుతున్న తోట గేటు మేకులు బిగించాడు. మధ్యాహ్నం భోజనంలో జున్ను రొట్టె సగమే తిన్నాడు. నా కంప్యూటర్ పైకి పట్టుకుపోతానన్నాడు, తనది చప్పుడు చేస్తోందట. ఏమైనా ఉత్తరాలు వచ్చాయా అని సాయంత్రం అడిగాడు, రాత్రి మళ్ళీ అడిగాడు. మతిమరుపు వచ్చిందా అని నేను ఎకసెక్కమాడాను. వచ్చిందనే చెప్పాడు, నవ్వుతూ.

కూతురి పేరు ఆ లారీ మీద చూసి, ఆ బాధ ఒక్కడే మింగి, గేటు బాగుచేసి, అయినా ఆ పేరే కావాలనుకుంటున్నాడు. నేను వాదించింది చేపల కొట్టువాడి గురించి. అతను అంతకన్నా పెద్దది చూసేశాడు.

కాఫీ కలిపి పైకి తీసుకెళ్ళాను. యోరిస్ ప్రశ్నార్థకానికి లోపలి గీత గీస్తున్నాడు. దాని వంపులో రెండు గీతలూ ఒరుసుకుంటున్నాయి. ఒకటి జరిపి, వెనక్కి వాలి, మళ్ళీ జరిపాడు.

“అక్కడ పెట్టు,” అన్నాడు.

పెట్టి, పక్కనున్న పాత పెట్టె మీద కూర్చున్నాను. అతను తిరిగి చూశాడు. నేను అలా కూర్చుని చాలా కాలమైంది.

“ఆ పేరే ఎందుకు యోరిస్? నిజం చెప్పు. ఎడం గురించీ కొలతల గురించీ చెప్పకు.”

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడవడం అయిపోయినా పెట్టుకోలేదు.

“వీట్స్కె కూతురితో పనిచేసే అమ్మాయి ఒకతె ఉంది, తెలుసా?”

“పడవ పోటీలకి వెళ్తుందే, ఆ పొడుగమ్మాయా?”

“ఆ. ఆ అమ్మాయి పేరేమిటి?”

ఆలోచించాను. “ఏమో. అందరూ పొడుగమ్మాయనే అంటారు.”

“దాని పేరు ఫెన్నా. క్రిస్మస్ భోజనంలో వీట్స్కె కూతురు నోరు జారి అనేసింది. వీట్స్కె బల్ల కింద కూతురి కాలు తొక్కింది. నేను చూశాను. మన కోసమే తొక్కింది, తప్పు పట్టడం లేదు. కానీ ఎవరో పిల్ల, దానికీ మనకీ ఏ సంబంధమూ లేదు, మన ముందు దాని పేరు కూడా పోయింది.”

అతను కళ్ళజోడు చేతిలో తిప్పుతూ ఇంకా చెప్పాడు.

“నాన్న ‘పాప’ అంటాడు. తైమెన్ ‘అప్పుడు’ అంటాడు, ‘అంతకుముందు’ అంటాడు. డాక్టరు ‘మీకు జరిగినది’ అంటాడు. నువ్వు ‘ఆ పేరు’ అంటావు. ఈ ఇంట్లో అది నేను తలుపుకి అంటిస్తేనే ఉంది, నువ్వు వచ్చి తీసేస్తావు.” ఆ చివరి మాట కూడా కోపంగా అనలేదు. “ఎక్కడో పోర్చుగల్‌లోనో ఎక్కడో ఒక కుర్రాడు ఐస్‌క్రీమ్ బండికి అక్షరాలు వెతుక్కుంటూ, ఒరేయ్, ఫెన్నా ఎక్కడ పెట్టావ్ అని పక్కవాణ్ణి అడుగుతాడు. వాడికి మనం తెలియదు. భయపడకుండా, గట్టిగా అడుగుతాడు. అంతే. నాకు కావలసింది అంతే.”

“వాడు దాన్ని దేని మీద రాస్తాడో నీకు తెలియదు,” అన్నాను.

“తెలియదు. దేని మీదైనా రాయొచ్చు,” అన్నాడు. కళ్ళజోడు లేని కళ్ళతో నన్నే చూస్తున్నాడు. నాకేమైనా తెలిసిందేమోనని వెతుకుతున్నాడు. నా మొహంలో ఏమీ కనబడకుండా చూసుకున్నాను.

“కాఫీ చల్లారుతోంది,” అని కిందికొచ్చేశాను. ఆ రోజు కాగితం తీయలేదు. అలాగని దాని వైపు చూడనూ లేదు. టాయిలెట్‌లో కళ్ళు మూసుకుని కూర్చోవడం ఎవరికైనా నవ్వు తెప్పిస్తుంది. నేను ఆ వారమంతా అలాగే కూర్చున్నాను.

ఆదివారం మామగారి పుట్టినరోజుకి జాన్‌డమ్ వెళ్ళాం. రేవు కనబడే ఒంటి గది ఇల్లు ఆయనది. వీట్స్కె ముందే వచ్చి పక్కింటివాళ్ళ కుర్చీలు కూడా అడిగి తెచ్చి గుండ్రంగా వేసింది. మేం అందరితో చెయ్యి కలుపుతూ చుట్టూ తిరిగాం. “మీ నాన్నగారి పుట్టినరోజు శుభాకాంక్షలు,” “మీ మామగారి పుట్టినరోజు శుభాకాంక్షలు,” అంటూ. మా వైపు ఆ శుభాకాంక్షలు చుట్టాలందరికీ చెబుతారు. తైమెన్ ప్రతివాళ్ళ బుగ్గలకీ మూడు ముద్దులు పెట్టి, నాలుగోది తాతయ్య బట్టతల మీద పెట్టాడు. తలా ఒక కేకు ముక్క అయ్యాక వీట్స్కె డబ్బా మూత పెట్టేసింది. తర్వాత జున్ను ముక్కలు, ఆవాల ముద్ద వచ్చాయి.

“వీట్స్కె, ఆ కేకు ఏమైనా లాకర్లో పెడుతున్నావా?” అన్నారు మామగారు.

“రేపటికి ఉండొద్దా నాన్నా? రేపు కూడా నీకు నోరుంటుంది.” అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే తమ్ముడి వైపు తిరిగింది. “ఏం యోరిస్, నీ గుల్ల అక్షరాలకి నామకరణం అయిందా? లోపల ఏమీ లేనివాటికి పేరు పెట్టడానికి ఇన్నాళ్ళా?”

యోరిస్ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాడో నాకు తెలుస్తూనే ఉంది. చేతిలో కప్పుని సాసరు మీద సరిగ్గా పెట్టాడు.

“రేపు చెప్పాలి. జాన్‌డమ్ అని పెట్టేద్దామనుకుంటున్నాను,” అన్నాడు. “అక్షరాలు ఈ రేవువే కదా. నాన్నకీ నచ్చుతుంది.”

“బానే ఉంది,” అంది వీట్స్కె. “సిమెంటు పేరులా ఉంది కానీ, బానే ఉంది.”

వదులుకున్నాడన్నమాట. నాకు ఒక్క మాట కూడా చెప్పకుండా, నేను అడక్కుండా. ఇక నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. జున్ను ముక్క ఆవాల ముద్దలో ముంచుకుని కూర్చుంటే అయిపోతుంది. వారంపాటు వెతుక్కున్నది నా ప్లేటులోకి వచ్చి పడింది.

ప్లేటు కింద పెట్టాను.

“జాన్‌డమ్ కాదు,” అన్నాను. “ఫెన్నా అని పెడుతున్నాం.”

నేను గట్టిగా అనలేదు. అయినా గుండ్రంగా కూర్చున్నాం కాబట్టి అందరికీ వినబడింది. మామగారికి తప్ప. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగారు.

“ఏం పెడుతున్నారు?”

“ఫెన్నా, మామయ్యా. మీ పడవ మీది అక్షరాలకి ఫెన్నా అని పేరు పెడుతున్నాం.”

“ఆహా,” అన్నారాయన. తర్వాత మెల్లిగా, “ఫెన్నా,” అన్నారు. పెదవులతో దాన్ని సరిచూసుకుంటున్నట్టు.

తైమెన్ నేల వైపు చూస్తున్నాడు. వీట్స్కె మొహం మారిపోయింది, ఏదో అనబోయింది. నేను అననివ్వలేదు.

“నాకు ఇది ఇష్టం లేదు. ముందూ లేదు, ఇప్పుడూ లేదు,” అన్నాను. “రేపటి నుంచి దుకాణాల మీద ఉంటుంది, సీసాల మీద ఉంటుంది. లారీల మీద కూడా ఉంటుంది.”

అప్పుడు యోరిస్ తలెత్తి నన్ను చూశాడు.

“మీకు ఎక్కడైనా కనబడితే నాకు మాత్రం చెప్పకండి. యోరిస్‌కి ఫోన్ చెయ్యండి. అక్షరాలు చూశామని అనొద్దు. ఫెన్నాని చూశామని చెప్పండి.”